ఇంటి పెరట్లో తీపి చెర్రీ చెట్టు: సియాటిల్, పోర్ట్‌లాండ్ పరిసరాల్లో ఎలా పెంచాలి

తీపి చెర్రీ చలిని కోరే చెట్టు. ఆకులు రాల్చి నిద్రాణంగా ఉండే నెలల్లో 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉండే చలి, రకాన్ని బట్టి, సుమారు 700 నుంచి 1,000 గంటల పాటు అందితేనే వసంతంలో దాని మొగ్గలు సరిగా విచ్చుకుంటాయి. అందుకే మన దేశంలో అది కాశ్మీరులోని షోపియాన్, గాందర్‌బల్ ప్రాంతాల్లోనూ, హిమాచల్ ప్రదేశ్‌లోని కోట్‌గఢ్, నార్కండా కొండల్లోనూ పండుతుంది గాని తెలుగు నేల మీద పండదు. మన నర్సరీల్లో చెర్రీ అని ఇచ్చే మొక్క సాధారణంగా బార్బడోస్ చెర్రీ. అది వేరే కుటుంబానికి చెందిన పొద కాబట్టి ఇక్కడి సూచనలు దానికి వర్తించవు. అసలైన తీపి చెర్రీని సొంత పెరట్లో పెంచుకునే వీలున్న తెలుగువారు అమెరికా వాయవ్య ప్రాంతంలో, అంటే వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్, బాథెల్, సమామిష్ ఊళ్లలోనూ, ఒరెగాన్‌లోని బీవర్టన్, హిల్స్‌బరోలలోనూ చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం వారిని ఉద్దేశించినది.

ఈ ఊళ్లన్నీ కాస్కేడ్ పర్వతాలకు పడమటి వైపున ఉన్నాయి. పర్వతాలకు తూర్పున ఉన్న యాకిమా, వెనాచీ లోయల్లో వేసవి ఎండ గట్టిగా కాస్తుంది, గాలి పొడిగా ఉంటుంది. దుకాణాల్లో మీరు కొనే చెర్రీలు చాలావరకు అటువైపు తోటలవే. పడమటి వైపున అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ముసురు పట్టే ఉంటుంది. కనుక మీ చెట్టుకు చలి కొరత రాదు. దాన్ని దెబ్బతీసేది తడి. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి, కత్తెర గాయం మీద వాన పడితే తెగులు లోపలికి పోతుంది, పూత తడిస్తే మాడుతుంది, పండబోయే కాయ తడిస్తే పగులుతుంది. ఎప్పుడు ఏ పని చేయాలన్నది నిర్ణయించుకునేటప్పుడు ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుంటే మిగతాది తేలికవుతుంది.

చోటును పరీక్షించడం

రోజుకు కనీసం ఎనిమిది గంటలు ఎండ తగిలే చోటును ఎంచుకోండి. పొరుగువారి దేవదారు జాతి చెట్ల నీడ వేసవిలో పడకపోయినా మార్చి, ఏప్రిల్ నెలల్లో సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు పడవచ్చు. పూతకు ఎండ అవసరమయ్యేది అప్పుడే కనుక ఆ నెలల్లో ఒకసారి పరిశీలించడం మంచిది. పెరట్లో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూలను వదిలేయండి. చల్లగాలి, వాన నీరు రెండూ అక్కడికే చేరతాయి.

తరువాత నేలను పరీక్షించాలి. తవ్వే ముందు 811 నంబరుకు ఫోన్ చేస్తే భూమిలోని గ్యాసు, విద్యుత్ లైన్ల గుర్తులు ఉచితంగా వేసి వెళ్తారు. ఆ తరువాత ఒక అడుగు లోతు గుంత తవ్వి, నిండా నీరు పోసి ఇంకనివ్వండి. రెండోసారి నింపి, గంటకు ఎన్ని అంగుళాల నీరు దిగుతుందో స్కేలు పెట్టి చూడండి. గంటకు అంగుళం కంటే తక్కువ దిగితే ఆ నేలలో చెర్రీని నేరుగా నాటకూడదు. కొత్తగా కట్టిన ఇళ్ల దగ్గర పైన నాలుగు అంగుళాల మంచి మట్టి, దాని కింద యంత్రాలతో తొక్కి గట్టిపడిన జిగురు నేల ఉండడం మామూలే. అటువంటి చోట అడుగు నుంచి అడుగున్నర ఎత్తు, కనీసం నాలుగడుగుల వెడల్పు ఉండే దిబ్బ పోసి దాని మీద నాటాలి. మొక్క పెట్టగానే చుట్టూ పాదు తీయడం మనకు చిన్ననాటి నుంచి అలవాటైన పని. కొబ్బరికి, మామిడికి అది మేలు చేస్తుంది. ఈ ముసురు నేలలో చెర్రీకి పాదు తీస్తే ఆరు నెలలు వేళ్లను నీటిలో నానబెట్టినట్లే అవుతుంది. ఇక్కడ మొక్క మొదలు దగ్గర మట్టి చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉండాలి.

మట్టి ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7 మధ్య ఉండడం మేలు. పడమటి వాషింగ్టన్ నేలలు వానకు సున్నం కోల్పోయి ఆమ్లతత్వం వైపు మొగ్గుతాయి కనుక మట్టి పరీక్ష చేయించి, అవసరమని తేలితేనే వ్యవసాయ సున్నం వేయండి.

వేరుమూలం, ఆ తరువాత రకం

మొక్క కొనేటప్పుడు అందరూ రకం పేరు అడుగుతారు. నా అభిప్రాయంలో ముందు అడగవలసింది వేరుమూలం పేరు. తీపి చెర్రీని గింజ నుంచి పెంచరు. కావలసిన రకం కొమ్మను మరొక చెర్రీ జాతి వేరు మీద అంటు కడతారు. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎన్నేళ్లకు కాపుకు వస్తుందో చాలావరకు ఆ వేరే నిర్ణయిస్తుంది. మజార్డ్ వేరు మీద అంటు కట్టిన చెట్టు ఇరవై ఐదు, ముప్పై అడుగులు పెరిగి, కాపుకు రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు తీసుకుంటుంది. జర్మనీలోని గీసెన్‌లో రూపొందించిన గిసెలా 5 వేరు మీద అదే రకం పది, పదిహేను అడుగుల దగ్గర ఆగిపోయి మూడో ఏటి నుంచే కాయడం మొదలుపెడుతుంది. గిసెలా 6, క్రిమ్స్క్ 5 వేళ్లు వీటి మధ్య పరిమాణాన్ని ఇస్తాయి. మహలేబ్ అనే వేరు పొడి ఇసుక నేలలకు తగినది గాని తడి నేలలో బతకదు కనుక పడమటి వైపు వారు దాన్ని తీసుకోవద్దు.

ఇంటి పెరటికి గిసెలా 5 గాని, నేల కొంచెం బలహీనంగా ఉంటే గిసెలా 6 గాని తీసుకోమని గట్టిగా చెబుతాను. స్థలం కలిసిరావడం ఒక్కటే దీనికి కారణం కాదు. పక్షుల వల కప్పాలన్నా, వానకు పైన పట్టా వేయాలన్నా, పండు ఈగకు మందు కొట్టాలన్నా, చివరి పండు దాకా కోయాలన్నా చెట్టు చేతికి అందాలి. ముప్పై అడుగుల చెర్రీ చెట్టు పైభాగంలోని పండ్లు పక్షులకు, కింద రాలినవి పురుగులకు పోతాయి. గిసెలా 5 తో వచ్చే చిక్కు ఒకటుంది: అది మోయగలిగిన దానికంటే ఎక్కువ కాస్తుంది, అప్పుడు పండు చిన్నదవుతుంది. ఏటా కొంత కాపు కొమ్మను తీసివేయడానికి సిద్ధపడాలి.

ఇక రకం విషయం. బింగ్ అనే ప్రసిద్ధ రకం ఈ ప్రాంతంలోనే, ఒరెగాన్‌లోని మిల్వాకీలో సెత్ లెవెలింగ్ నర్సరీలో 1875లో వచ్చింది. అక్కడ పనిచేసిన ‘ఆహ్ బింగ్’ అనే చైనా దేశీయుడి పేరే దానికి పెట్టారు. రుచిలో దానికి సాటి తక్కువ. అయినా పడమటి వైపు పెరటికి అది తగదు: వానకు తేలికగా పగులుతుంది, తెగులుకు లొంగుతుంది, ఒంటరిగా కాయదు. బింగ్, లాంబర్ట్, రాయల్ ఆన్ రకాలు ఒకే పుప్పొడి వర్గానికి చెందినవి కాబట్టి వాటిలో ఏ రెండింటిని పక్కపక్కన నాటినా ఒకదాన్నొకటి ఫలదీకరణ చేయలేవు. వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం ప్రాసర్ కేంద్రంలో బింగ్, వాన్ రకాలను సంకరం చేసి 1952లో రూపొందించిన రెయినియర్, పసుపు మీద ఎరుపు తేలిన పండునిస్తుంది. దానికీ మరో రకం తోడు ఉండాలి.

ఒకే చెట్టుకు చోటున్నవారు తన పుప్పొడితో తానే కాసే రకాన్ని ఎంచుకోవాలి. కెనడాలోని సమ్మర్‌లాండ్ పరిశోధన కేంద్రం 1968లో విడుదల చేసిన స్టెల్లా ఈ గుణమున్న మొదటి పెద్ద రకం. దాని సంతతి అయిన లాపిన్స్ గట్టి కండ, ముదురు ఎరుపు రంగు కలిగి బింగ్ తరువాత కొద్ది రోజులకు పండుతుంది. అప్పటికి జూన్ వానలు కొంత తగ్గుతాయి కనుక మొదటి చెట్టుగా దాన్నే సూచిస్తాను. కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బ్లాక్‌గోల్డ్, వైట్‌గోల్డ్ రకాలు కూడా ఒంటరిగా కాస్తాయి, తెగులును కొంత తట్టుకుంటాయి. రెండు చెట్లకు చోటుంటే ఒక లాపిన్స్, ఒక రెయినియర్ నాటండి. రెండూ వంద అడుగుల లోపు ఉంటే చాలు. వీధిలో అందం కోసం పెంచే జపాన్ చెర్రీని పుప్పొడి కోసం నమ్ముకోవద్దు. ఒకే మొక్క మీద మూడు నాలుగు రకాలు అంటు కట్టి అమ్మేవి కూడా దొరుకుతాయి గాని, వాటిలో బలమైన కొమ్మ మిగతావాటిని అణచివేస్తుంది కనుక ఏటా ఆ కొమ్మను అదుపు చేయవలసి ఉంటుంది.

నాటడం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నర్సరీలు మట్టి లేకుండా వేళ్లతో పెరికిన మొక్కలను అమ్ముతాయి. కుండీ మొక్క కంటే అవి చవక, త్వరగా నిలదొక్కుకుంటాయి. తెచ్చిన మొక్క వేళ్లను రెండు మూడు గంటలు నీటిలో ఉంచి, విరిగిన వేరు కొసలను మాత్రమే తీసివేయండి. మొదలుకు కొద్దిగా పైన కాండం కాస్త వంకర తిరిగి, ఉబ్బినట్లు కనిపించే చోటు ఉంటుంది. పై బెరడు రంగు, కింది బెరడు రంగు అక్కడ వేరుగా కనిపిస్తాయి. అదే అంటు కట్టిన చోటు. నాటిన తరువాత అది మట్టికి మూడు అంగుళాల పైన ఉండాలి. అది మట్టిలో మునిగితే పై రకం సొంతంగా వేళ్లు వేసి, పొట్టి చెట్టు కోసం మీరు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.

గుంత వేళ్ల వెడల్పుకు రెండింతలు ఉండాలి గాని వేళ్ల లోతుకు మించకూడదు. తవ్విన మట్టినే తిరిగి వేయండి. గుంతలో ఎరువు, పచ్చి కంపోస్టు వేయవద్దు. వేళ్లను విసనకర్రలా నలుదిక్కులకు పరిచి, మట్టి వేసి చేత్తో అదిమి, నీరు పోయండి. గిసెలా 5 మొక్కకు పక్కన గట్టి కర్ర పాతి వదులుగా కట్టండి. చుట్టూ మూడడుగుల మేర గడ్డి తీసేసి, చెక్క పొట్టును మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి మాత్రం నాలుగు అంగుళాల దూరం ఉంచండి. జింకలు తిరిగే వీధుల్లో అదే రోజు కంచె కట్టాలి. మరునాటికి వాయిదా వేస్తే మొగ్గలు మిగలవు.

మొదటి మూడేళ్లు

నాటిన మొక్కను ముప్పై అంగుళాల ఎత్తులో కత్తిరిస్తే కింది మొగ్గల నుంచి పక్క కొమ్మలు వస్తాయి. ఈ కత్తిరింపును కూడా వరుసగా కొన్ని పొడి రోజులు ఉంటాయని వాతావరణ సూచన చెప్పినప్పుడే చేయండి. మే నెలలో కొత్త రెమ్మలు కొన్ని అంగుళాలు పెరిగి ఇంకా లేతగా ఉన్నప్పుడు, ఒక్కొక్క రెమ్మకు పైన కాండానికి బట్టల క్లిప్పు తగిలించి రెమ్మను బయటికి వంచండి. చెర్రీ కొమ్మలు స్వభావరీత్యా నిటారుగా లేస్తాయి; అలా లేచిన కొమ్మ కాండంతో కలిసే చోట బెరడు ఇరుక్కుని, కాపు బరువుకు చీలుతుంది. యాభై, అరవై డిగ్రీల కోణంలో విచ్చుకున్న కొమ్మ బలంగా ఉంటుంది, త్వరగా పూస్తుంది. రెండు వారాల తరువాత క్లిప్పు తీసినా రెమ్మ ఆ కోణంలోనే నిలిచిపోతుంది. నాలుగైదు మంచి కొమ్మలు చాలు.

ఆరు నెలలు ముసురు పట్టే ఈ ఊళ్లలో జూలై నుంచి సెప్టెంబరు దాకా వాన చాలా తక్కువ. ఆ నెలల్లో లేత చెట్టుకు వారానికి ఒకసారి, అడుగు లోతు తడిసేలా, నెమ్మదిగా నీరు ఇవ్వండి. బిందు సేద్యపు గొట్టం ఇందుకు బాగా సరిపోతుంది. పచ్చిక మీద నీరు చిమ్మే యంత్రం చెట్టు కాండాన్ని తడపకుండా దాని దిశ మార్చండి.

మొదటి ఏడు ఎరువు అవసరం లేదు. తరువాత ప్రతి వేసవి చివర కొత్త రెమ్మల పొడవు కొలవండి: లేత చెట్టుకు రెండడుగులు, కాపు చెట్టుకు అడుగు నుంచి అడుగున్నర పెరిగితే నేల సరిపోతున్నట్లే. తక్కువైతే వసంతారంభంలో నత్రజని ఎరువు కొద్దిగా వేయండి. జూలై తరువాత వేస్తే వచ్చే లేత చిగురు చలికి మాడి, తెగులుకు దారి అవుతుంది.

కత్తిరింపు, బంక తెగులు

యాపిల్‌ను శీతాకాలంలో కత్తిరిస్తారని చూసి చెర్రీని కూడా జనవరిలో కత్తిరించేవారు చాలామంది ఉన్నారు. పడమటి వైపు చెర్రీ చెట్లు చావడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. సూడోమోనాస్ సిరింజీ అనే బాక్టీరియా చెట్ల మీద, కలుపు మీద ఎప్పుడూ ఉంటుంది. చల్లని తడి రోజుల్లో వాన చినుకులతో వ్యాపించి, కత్తెర గాయాల గుండా, ఆకు రాలిన మచ్చల గుండా, మంచుకు పగిలిన బెరడు గుండా లోపలికి ప్రవేశిస్తుంది. వసంతంలో కొమ్మ మీద ఒక చోట బెరడు లోపలికి కుంగి, తేనె రంగు బంక కారుతుంది. చాకుతో పై బెరడు కొద్దిగా గీకితే లోపల ఆకుపచ్చగా ఉండవలసిన చోట గోధుమ రంగు చారలు, పుల్లని వాసన ఉంటాయి. ఆ మచ్చ కొమ్మను చుట్టేస్తే పై భాగమంతా ఎండిపోతుంది. దీన్ని నయం చేసే మందు లేదు.

కాబట్టి కత్తిరింపులన్నీ కోత అయిన తరువాత, జూలై చివర నుంచి ఆగస్టు ముగిసే లోపు, పొడి రోజుల్లో చేయండి. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, నిటారుగా లేచినవి తీసేసి, చెట్టు మధ్యకు వెలుగు, గాలి ఆడేలా చూడండి. బంక కారుతున్న కొమ్మను మచ్చకు కనీసం ఒక అడుగు కిందికి, ఆరోగ్యంగా ఉన్న చోట కోసి పెరటి బయట పారవేయండి. కొమ్మ కోసిన ప్రతిసారీ కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. బంక కనిపించిన ప్రతిసారీ ఇదే తెగులని అనుకోవద్దు. దెబ్బ తగిలినా, నీటి ఎద్దడి వచ్చినా చెర్రీ బంక కారుస్తుంది. బెరడు కింద రంగు చూసి నిర్ణయించుకోండి.

కత్తిరించేటప్పుడు కాపు ఎక్కడ వస్తుందో తెలిసి ఉండాలి. రెండేళ్లు, అంతకు పైబడిన కొమ్మల మీద అంగుళం పొడవు కూడా లేని ముడతల పుల్లలు కనిపిస్తాయి. వాటి కొసన మధ్యలో ఒక కోసు మొగ్గ, దాని చుట్టూ గుత్తిగా ఉబ్బిన మొగ్గలు ఉంటాయి. కోసుగా ఉన్నది ఆకు మొగ్గ, ఉబ్బినవి పూమొగ్గలు. ఈ పొట్టి పుల్ల పదేళ్ల దాకా కాయగలదు. అవి పనికిరాని ఎండుపుల్లలని భ్రమపడి గీసేస్తే కాపు పోతుంది.

పూత

మార్చి చివర, ఏప్రిల్‌లో పూత వస్తుంది. విచ్చుకున్న పూత సుమారు మైనస్ 2 డిగ్రీల దగ్గర దెబ్బతినడం మొదలై, మైనస్ 4 దగ్గర దాదాపు అంతా పోతుంది. చిన్న చెట్టయితే ఆ రాత్రికి దుప్పటి కప్పి కాపాడవచ్చు. సుమారు 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే తేనెటీగలు పెద్దగా బయటికి రావు. ఆ చలిలోనూ తిరిగే, తేనెటీగ జాతికి చెందిన స్థానిక మేసన్ ఈగల గూళ్లను పెరట్లో తూర్పు ముఖంగా, పూతకు ముందే తగిలిస్తే ఒంటరిగా కాసే రకాలకు కూడా పిందె బాగా నిలుస్తుంది. పూత మీద ఎటువంటి పురుగు మందూ కొట్టకూడదు. ముసురులో పూలు గోధుమ రంగుకు తిరిగి కొమ్మకే అతుక్కుని ఎండితే అది మోనిలియా శిలీంధ్రం. ఆ కొసలను పొడి రోజున తీసి పారవేయండి.

పండు ఈగలు, పక్షులు, పగుళ్లు

పండును తెరిచి చూడగానే గింజ పక్కన తెల్లని పురుగు కదలడం ఇక్కడి పెరటి చెర్రీల్లో తరచుగా కనిపిస్తుంది. చెర్రీ పండు ఈగ మే చివర నుంచి నేలలోంచి వెలువడి, పండు తొక్క కింద గుడ్డు పెడుతుంది. పురుగు పండును తిని, రంధ్రం చేసుకుని నేల మీద పడి, మట్టిలో చలికాలం గడిపి, మళ్లీ వచ్చే ఏడు లేస్తుంది. 2009లో ఈ రాష్ట్రాలకు చేరిన మచ్చల రెక్కల డ్రోసోఫిలా అనే చిన్న ఈగ కూడా పండబోయే కాయలోనే గుడ్లు పెడుతుంది.

ఆకుపచ్చ కాయ పసుపు రంగుకు తిరగడం మొదలవగానే రక్షణ మొదలుపెట్టాలి. స్పైనోసాడ్ కలిగిన మందును సీసా మీద రాసిన మోతాదులో, రాసినన్ని రోజులకోసారి, తేనెటీగలు ఇంటికి వెళ్లిన సాయంత్రం వేళ కొట్టండి. మందు వద్దనుకుంటే ఒక మిల్లీమీటరు కంటే సన్నని కన్నుల వలతో చెట్టంతా కప్పి, కింద కాండం చుట్టూ బిగించి కట్టండి. పక్షుల బెడద కూడా దాంతో తీరుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, పండ్లను ఒక్కటి కూడా చెట్టు మీద గాని కింద గాని మిగల్చకుండా కోసి, ఏరి, మూత కట్టిన సంచిలో చెత్తకు వేయడం. వాషింగ్టన్ చట్టం ప్రకారం పండ్ల చెట్ల చీడలను అదుపు చేయడం యజమాని బాధ్యత. యాకిమా వంటి జిల్లాల్లో దీన్ని పర్యవేక్షించే బోర్డులు ఉన్నాయి.

పండే పది, పదిహేను రోజుల్లో వాన పడితే నీరు తొక్క గుండా లోపలికి ఇంకి పండు పగులుతుంది. తూర్పు లోయల రైతులు వాన వెలియగానే హెలికాప్టర్లను చెట్ల మీదుగా ఎగరవేయించి నీటిని దులిపిస్తారు. మీరు కొమ్మలను మెల్లగా ఊపి దులపవచ్చు, లేదా ఆ రోజులకు పైన మాత్రం ప్లాస్టిక్ పట్టా కట్టి పక్కలు తెరిచి ఉంచవచ్చు.

కోత, ఆకురాలు కాలపు పనులు

కోసిన తరువాత చెర్రీ మరింత పండదు. రంగు చూసి తొందరపడకుండా నాలుగు వైపుల నుంచి ఒక్కొక్కటి తిని చూడండి. లాపిన్స్ ముదురు ఎరుపుకు తిరిగిన తరువాత కూడా మరికొన్ని రోజులకు గాని తీపి నిండదు. పండును కాకుండా కాడ మొదలును పట్టుకుని పైకి తిప్పి కోయండి. కిందికి లాగితే పైన చెప్పిన పొట్టి పుల్ల కాడతో ఊడి వస్తుంది. ఉదయం చల్లని వేళ కోసి, కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు కడగండి. పురుగు అనుమానం ఉంటే కొన్ని పండ్లను నలిపి ఉప్పు బాగా కలిపిన గోరువెచ్చని నీటిలో వేస్తే పావుగంటలో పురుగులు తేలతాయి. నలిపినా, కొరికినా సైనైడ్ వెలువడే పదార్థం గింజల్లో ఉంటుంది కనుక వాటిని ఉమ్మేయమని పిల్లలకు చెప్పండి. గింజలతో కలిపి మిక్సీలో తిప్పవద్దు.

అక్టోబరులో రాలిన ఆకులను, కొమ్మలకు ఎండి వేలాడే పండ్లను పూర్తిగా తీసివేయండి. వానలు ముదిరే లోపు, పొడిగా ఉన్న రోజున, తెల్లని లేటెక్స్ రంగును సమానంగా నీటితో కలిపి కాండానికి, కింది కొమ్మల మొదళ్లకు పూయండి. చలికాలపు మధ్యాహ్నం నైరుతి ఎండకు వేడెక్కి, రాత్రి గడ్డకట్టి బెరడు పగలకుండా అది ఆపుతుంది. దిబ్బ మట్టి వేసవిలో కుంగి ఉంటే అంచులకు కొత్త మట్టి వేసి, కాండం చుట్టూ ఎక్కడా నీరు నిలిచే గుంట లేకుండా సరిచేసి, అంటు చోటు మట్టి పైకి కనిపిస్తోందో లేదో మరొకసారి చూసుకోండి.